తువ్వాల కింది ధర

గొర్రె నోరు తెరిచి పండ్లు చూడబోయిన మనిషి చేతి మీద బీరమ్మ ఒక్కటిచ్చింది.

“అడగక ముందే చెయ్యేంది?”

ఆ మనిషి చెయ్యి దులుపుకుని నవ్వాడు. “మంచి మంద చెల్లె. ఎందుకు అమ్ముతున్నవ్?”

“నీకెందుకు?” అంది గానీ, పొద్దుటి నుంచి నాలుక మీద ఆడుతున్న మాట ఆగలేదు. “బాయికాడ చెల్క కొంటున్నం. రేపు పొద్దుగాల పైసలు పెట్టాలె. లేకుంటే ఇంకొకలు కొంటరు.”

తరతరాలుగా ఎవరెవరి పొలాల్లోనో మంద పెట్టిన ఇంటికి అది మొదటి సొంత నేల. మగడు గోపయ్య జ్వరంతో పడుకుంటే, పది గొర్రెలను తోలుకుని ఆత్మకూర్ అంగడికి ఒంటరిగా వచ్చింది. నయా పైసలు కొత్తగా వచ్చిన ఏడాది అది.

దళారి భిక్షపతి వచ్చాడు.

ఆ అంగట్లో ధర నోటితో చెప్పరు. దళారీ, కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరమాడుకుంటారు. అమ్మేవాళ్లు ముందే దళారికి ఒక మాట చెప్పి దూరంగా కూర్చోవాలి.

“ఎట్ల జేద్దాం బీరమ్మా? ఎంతొస్తే అంతకు ఇయ్యాల్నా, నువ్వే ఒక ధర జెప్తవా?”

“ఎంతొస్తే అంతకియ్యి. ఇయ్యాల అమ్ముడుపోవాలె, గంతే.”

దెబ్బ తిన్న మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. “గట్ల జెప్తే ముందుగాల వచ్చినోడే తన్నుకపోతడు చెల్లె. గొర్రెకు ఎంత పడితే చెల్క నీదైతది?”

“ఇరవై ఐదు రూపాయలు.”

“గదే జెప్పు. గంతకు తక్కువైతే ఇయ్యొద్దను.”

“పొద్దూకేదాక ఎవ్వలూ రాకపోతే?”

“గప్పుడు తగ్గించు. అమ్మినంక పెంచుడు అయితదా?”

భిక్షపతి మొహం చిట్లించాడు. బేరం ఎంత తొందరగా తెగితే దళారికి అంత మంచిది మరి. “ఇయ్యాల ఇరవై నడుస్తాంది. ఇరవై ఐదంటే ఎవడూ దగ్గరికి రాడు.”

బీరమ్మ లెక్క వేసుకుంది. ఇరవైకి అమ్మితే చెలకకు యాభై రూపాయలు తక్కువ పడతాయి, రాత్రికి రాత్రే ఎక్కడో అప్పు పుట్టాలి. అమ్మకపోతే అసలే దక్కదు.

“ఇరవై ఐదే. తక్కువకు తెంపకు.”

తువ్వాల పరిచారు, తీశారు, మళ్లీ పరిచారు. చెయ్యి పెట్టిన ప్రతివాడూ కాసేపటికే విదిలించుకుని లేచాడు. ఎండ నెత్తికెక్కింది. చుట్టుపక్కల మందలన్నీ అమ్ముడుపోయాయి. పొద్దు వాలింది. సలహా చెప్పిన పెద్దమనిషి ఎప్పుడో మాయమయ్యాడు.

“దొంగసచ్చినోడు! నా నోట్ల మన్ను గొట్టిపాయె.”

ఇక పట్టలేక లేచింది. “భిక్షపతన్నా, ఇరవైకే ఇచ్చెయ్యి!”

అంతలో భిక్షపతే గుంపులోంచి చేతులూపుకుంటూ ఉరికి వచ్చాడు. “ఆగు, ఆగు! తెగింది! ఇరవై ఐదుకే తెగింది!”

బీరమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. భిక్షపతి చేతికిచ్చిన డబ్బును కళ్లకద్దుకుని కొంగున ముడి వేసింది. అమ్మిన గొర్రెలు పోతుంటే చూడకూడదని అటు తిరిగి కూర్చుంది. వెనకాల అరుపులు దూరమయ్యేదాకా కదల్లేదు. చెలకలో ముందు జొన్న వేయాలా, ఆముదం వేయాలా అని అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. ఆ సంతోషంలో పొద్దుటి మనిషి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

“గా మనిషేడి అన్నా? కొట్టిన, వట్టిగ తిట్టిన. కనబడితే కాళ్లు మొక్కుత.”

భిక్షపతి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇంకేడి కనబడ్తడు? నీ గొర్లను తోల్కపోయింది ఆయనే. పొద్దుగాల ఆయన దగ్గర గొర్రెకు ఇరవై లెక్కన పైసలే ఉండె. నీ చెల్క ముచ్చట ఇని, మిగిలినయి తెచ్చేతందుకు గంత ఎండల ఇంటికి పోయొచ్చిండు.”