వరండాలో చోటు

"ఇవాళ కూడా ఆ స్పెల్లింగు రూలు చెప్పలేకపోతే సౌజన్యని రెండో తరగతిలో కూర్చోబెట్టేస్తానండి. తర్వాత మీరు బాధపడకూడదు" అంది భవానీదేవి మేడమ్.

సూర్యకుమారి చదువు ఎనిమిదితో ఆగింది. కూతురిది మూడుతోనే ఆగిపోతుందేమోనని అన్నం కూడా సయించడం లేదు. అయినా అల్లవరం నుంచి ఆటోలో వస్తున్నప్పుడే గట్టిగా అనుకుంది, ఇవాళ తల దించుకుని వెళ్ళేది లేదని.

"మా అమ్మాయికి వచ్చండి. నేనే నేర్పేను. నా ఎదురుగానే అడగండి."

నేర్పడమంటే మామూలుగా కాదు, కొబ్బరి ఈనెలతో గచ్చు మీద ఇంగ్లీషు అక్షరాలు పేర్చి మరీ నేర్పింది. 'క' అని పలికే చోట వెనకాల ఈ, ఐ, వై వస్తే కె రాయాలి. ఏ, ఓ, యూ వస్తే సి రాయాలి. నిన్న పడుకోబోయే ముందు కూడా పిల్ల గడగడా అప్పజెప్పింది.

మేడమ్ అడిగింది. సౌజన్య తల్లి వైపు చూడకుండా "రాదండి" అంది. సంచీ తీసుకుని, ఎవరూ పొమ్మనకుండానే వరండాలోకి నడిచింది. రూలు రానివాళ్ళ చోటు అదే.

క్లాసు కిసుక్కుమంది. పిల్లకి మతిమరుపు జబ్బేదో పట్టుకుందనుకుంది సూర్యకుమారి. ఆలోచన కాకినాడ పెద్దాసుపత్రి దాకా వెళ్ళిపోయింది. గబగబా వెళ్ళి కూతురి భుజం పట్టుకుంది.

"నిన్న చెప్పేవు కదే?"

"వచ్చమ్మా. వచ్చని చెప్తే లోపల కూర్చోమంటారు." సౌజన్య గొంతు తగ్గించింది. "లీలావతి ఒక్కత్తీ అయిపోద్ది."

లీలావతి, సూర్యకుమారి వాళ్ళ వీధిలో ఉండే వీరాయమ్మ మనవరాలు. తల్లి కువైట్‌లో ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్లకి ఆ రూలు పట్టుబడదు. వరండాలో కూర్చున్న లీలావతి అప్పటికే పక్కకి జరిగి, సౌజన్య కోసం గౌను అంచుతో నేల తుడుస్తోంది.

భవానీదేవి గుమ్మంలోకి వచ్చి నవ్వింది. "మీరే నేర్పేనన్నారు కదండీ. పోనీ మీరు చెప్పండి, పిల్లలంతా వింటారు. కె ఎప్పుడు రాయాలి?"

కిటికీల నిండా మొహాలు మూగేయి. జవాబు సూర్యకుమారి నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే చాలు, ఎనిమిది చదివిన పరువు దక్కుతుంది.

ఆమె చెప్పులు విడిచింది. పిల్లలిద్దరి మధ్యా మఠం వేసుకుని కూర్చుంది. తలెత్తి మేడమ్ వైపు చూసింది.

"నాకూ రాదండి."