నాలుగో రాయి

జాన్ పాల్ లాంటి బావ పగవాడికి కూడా వద్దు. ఆనందపురంలో బెన్సన్ తన స్థలానికి నాలుగు మూలలా రాళ్ళు పాతిన రోజున, "మనలో మనకి కంచేటి బావా, డబ్బు దండగ" అన్నది అతనే. తరవాత ఆ రాళ్ళు పీకించి, స్థలాన్ని పక్కనున్న తన దాంట్లో కలిపేసుకున్నదీ అతనే. భూమి ఉంచుకుని, చిన్నప్పుడు బెన్సన్ దగ్గర పట్టుకెళ్ళిన బొమ్మల పుస్తకాలు మాత్రం ఈ రోజు సంచీలో తిరిగి పంపాడు.

ఒకప్పుడు టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్ పుస్తకాలవి. ఒళ్ళు మండుతున్నా బెన్సన్ రాత్రి ఒకటి తెరిచాడు. ఎర్రటి గ్రహం మీద కెప్టెన్ జెండా పాతే బొమ్మ అతనికి బాగా గుర్తు. ఇప్పుడు కెప్టెన్ చేతిలో జెండా లేదు, గునపం ఉంది. వెనక మూడు గుంటలు. నాలుగో మూలన రాయి మీద సున్నంతో 'బె' అని రాసి ఉంది. అది బెన్సన్ చేతిరాతే.

బొమ్మ మీద వేలు పెడితే తడి ఎర్రమన్ను అంటింది.

"పెరట్లో ఎవుడో తవ్వుతన్నాడు, సూడండి," అంది భార్య కృపావతి పక్క మీంచి.

"కుక్కలే, తొంగో."

"కుక్కలికి గునపాలేటండీ?"

చప్పుడు ఆగింది. బెన్సన్ మళ్ళీ బొమ్మ చూశాడు. నాలుగు గుంటలున్నాయి, కెప్టెన్ లేడు. కోపంతో పేజీ తిప్పాడు. అక్కడ గోపాలపట్నంలోని తన రేకుల ఇల్లే ఉంది, నాలుగు మూలలా రాళ్ళతో.

పెరటి మూలన మళ్ళీ గునపం దిగింది.

ఆనందపురంలో పోయింది పన్నెండు సెంట్లు. మిగిలింది ఈ ఇల్లున్న ఒకటిన్నర సెంటు.