ఇంటి బడి

బేబీ వీధి అరుగు మీద పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డ కొడుకు నాని తల ఎత్తడం లేదు.

"పది ఆజ్ఞల్లో ఐదు గడగడా చెప్పావు. ఆరోదానికి ఏమొచ్చిందిరా?"

నాని కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తున్నాడు.

"రెండు ముక్కలు. నాతోపాటు అను. ఎవరినీ..."

"ఎవరినీ..." అని ఆగిపోయాడు.

"అన్నయ్యకి రాదు!" అని గంతేసింది చిన్నది కృప. "నేను చెప్తానమ్మా. అమ్మానాన్నల్ని గౌరవించాలి. ఎవరినీ చంపకూడదు. పక్కింటోళ్ళ గాడిదని దొంగిలించకూడదు..."

"గాడిద ఆఖర్న వస్తుందే. నువ్వు కాసేపు నోరు ముయ్యి."

మొన్న సోమవారం నుంచి పిల్లలకి ఇల్లే బడి. బయటి చదువుల్లో దైవభయం లేదు, మన పిల్లల్ని మనమే దేవుని వాక్యంలో పెంచుకుందాం అన్నాడు భర్త అనిల్ కుమార్. మందిరానికి రమ్మంటే వ్యాను పనుందని తప్పించుకునే మనిషి! అతని నోట ఆ మాట వినడం కోసం బేబీ పెళ్ళయిన నాటి నుంచి మోకాళ్ళ మీద ప్రార్థిస్తూనే ఉంది. అందుకే పొద్దున్న లెక్కలు, మధ్యాహ్నం తెలుగు, రోజుకో ఆజ్ఞ. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

"చెప్పేదాకా అన్నం లేదు," అంది.

"వద్దులే," అన్నాడు నాని.

బేబీకి ఒళ్ళు మండింది. రొయ్యల చెయ్యి పైకి లేపింది. అంతలో గేటు చప్పుడైంది.

వచ్చింది నాగదుర్గ. అనిల్ కుమార్ దగ్గర రొయ్యల మేత బస్తాల వ్యాను తోలే చిట్టియ్య భార్య. చీర నలిగిపోయి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యగారున్నారా వదినా?"

"పోలీసు స్టేషన్‌కే వెళ్ళారు దుర్గా. మీ ఆయన పని మీదే."

నాగదుర్గ మెట్టు మీద కూలబడింది. చేతులు ఊరికే ఉంచలేక గిన్నెలోంచి ఓ రొయ్య తీసి వలవసాగింది.

"నేరం వొప్పేసుకోమంటున్నారంటండి. ఎల్లుండి సోమవారం రాజమండ్రి జైలుకి పంపేస్తారంట. పోయిన ఆదివారం మజ్జాన్నం మా ఆయన ఇంట్లోనే పడుకున్నాడు వదినా. వ్యాను తాళం మీ గుమ్మానికి తగిలించే వచ్చానంటాడు. పెళ్ళాం సాక్ష్యం ఎవరిక్కావాలి?"

బేబీ తల వంచుకుంది. ఆ ఆదివారమే కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్న పల్లంరాజుగారిని వ్యాను గుద్దేసి, ఆగకుండా పోయింది. ముసలాయన శవమై కాలవలో తేలాడు. బంపరు మీద సొట్ట చూసి పోలీసులు చిట్టియ్యని పట్టుకుపోయారు. తాళం చిట్టియ్య దగ్గరే ఉందని అనిల్ కుమార్ చెప్పాడు. ఆ పూట బేబీ కృపని తీసుకుని నిడదవోలులో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళింది. భర్త మాట కాదనడానికి ఆమె చూసిందేమీ లేదు.

"కోరుకొండ సామికి మొక్కాను, ద్రాక్షారామం సామికీ మొక్కాను," అంది నాగదుర్గ. "మీ దేవుడు చిన్నపిల్లల మాట వింటాడంట కదండీ. నానీ, నా తండ్రివి కదూ. మావయ్య నిన్ను భుజాల మీంచి దింపేవాడా ఎప్పుడైనా? మావయ్య కోసం ఒక్క ప్రార్థన చెయ్యి అయ్యా."

నాని గోడకి ఇంకా అతుక్కుపోయాడు.

"అడుగుతోంది కదరా, చెయ్యి," అంది బేబీ. ఆమె గొంతులో ఇందాకటి కోపం లేదు.

"డాడీ ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు."

"దేవుడితో మాట్లాడొద్దని ఎవరైనా అంటార్రా? రా, మోకరించు. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన దగ్గర ఏదీ దాచకూడదు. ఆమేన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు."

నాని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పక్కన కృప కూర్చుంది. బేబీ చేతులకి రొయ్యల నీచు అంటి ఉన్నా కొంగు తల మీదకి లాక్కుంది. వాళ్ళని చూసి నాగదుర్గ కూడా కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, చిట్టియ్య మావయ్యని ఇంటికి పంపించు. మావయ్యని కొట్టకుండా చూడు. ఆరోజు మావయ్య బండి తియ్యలేదు. డాడీ తీశారు."

బేబీ కళ్ళు తెరుచుకున్నాయి. "నానీ..."

వాడు ఆగలేదు. తల్లి నేర్పినట్టే కళ్ళు బిగించి ఉంచాడు. మాటలు మాత్రం ఒకదాని మీదొకటి వచ్చి పడుతున్నాయి.

"డాడీని కూడా ఏమీ చెయ్యొద్దు ప్రభువా. డాడీ కింద కాళ్ళతో తొక్కారంతే. ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ తిప్పింది నేను. సైకిలు తాత పక్కకి తప్పుకోలేదు. హారన్ ఎక్కడుందో నాకు దొరకలేదు. ఆరో ఆజ్ఞ చెప్తే నీకు నేను గుర్తొస్తానని చెప్పట్లేదు. ఆమేన్."

"ఆమేన్," అంది కృప.

నాగదుర్గ చేతిలో ఉన్న రొయ్యని గిన్నెలో పెట్టింది. లేచి, వాడి తల మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత గేటు దాటి, స్టేషన్ ఉన్న వైపుకి తిరిగింది.