ఇంట్లో ఎత్తని పేరు

వాన పడి గుట్ట మీద తెల్లపూలు పూస్తే, నాగలతకు ఇప్పటికీ ఆ ముసలాయనే గుర్తొస్తాడు.

అప్పుడు కూతురు సుప్రియ చంకబిడ్డ.

ఆయన గుట్ట దిగివచ్చి మంచినీళ్లు అడిగాడు. మెడలో భూతద్దం, చేతిలో చిన్న పార.

లింగాల చుట్టుపక్కల గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు తిరుగుతున్న రోజులు. నాగలత బిడ్డను కొంగుతో కప్పుకుంది.

"గుట్ట మీద ఏం చేస్తాండావు సామీ?"

"రాళ్ల సందున తెల్లపూల మొక్క ఉందమ్మా. దాన్ని మీరేమంటారు?"

"గొర్రెలు గూడా తినవు దాన్ని. పేరెందుకు?"

ఆయన నవ్వాడు. "మనకున్నట్టే మొక్కకూ ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. దీని ఇంటిపేరు తెలిసింది. సొంత పేరు ఇంకా ఎవరూ పెట్టలేదు. పేరు లేకపోతే, అది పోయినా ఎవరికీ తెలియదు."

నాగలత చేతిలో చెంబు ఆగింది.

"పాప పేరేంటమ్మా?"

"సుప్రియ." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "దీనికి ముందు ఇంగొకటి పుట్టింది సామీ. అర్చన. అడుగులు వేస్తా వేస్తానే జొరమొచ్చి పోయింది. ఆ పేరు ఇంట్లో ఎత్తగూడదంట. ఎత్తితే దీనికీ తగులుతాదంట."

"అర్చన," అన్నాడాయన మెల్లగా.

బిడ్డ పోయాక ఆ పేరు ఇంకొకరి నోట వినడం ఆమెకు అదే మొదలు.

అంతలో భర్త మహేంద్ర గొర్రెలు తోలుకొచ్చాడు.

"యాడోనివప్పా? ఆ పారేంది?"

"మొక్క కోసం..."

"మొక్క కోసం ఇంత దూరం ఎవడొస్తాడు? నిధికి ఈ గుట్టే దొరికిందా? మల్లా ఈడ కనపడితే, మా గొర్రెలకు మాదిరి నీకు గూడా చెవి కోసి గుర్తు పెడతా."

నాగలత బిడ్డతో గడప లోపలికి జరిగింది.

ఆయన చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు సుప్రియ పులివెందులలో డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవుకు వచ్చి ఫోన్ తల్లి ముందు పెట్టింది.

"మా, ఇది మన గుట్ట మీది పువ్వే. ఈడ తప్ప యాడా లేదంట. కనిపెట్టినాయన పోయిన నెల చనిపోయినాడని మా సార్ చెప్పినాడు."

పువ్వు పక్క ఫొటోలో మనిషి మెడలో అదే భూతద్దం.

నాగలత ఫోన్ దగ్గరికి తీసుకుంది. "పాపం... పువ్వుకు ఆయన పేరే పెట్టుకున్నాడా?"

"కనిపెట్టినోళ్లు తమ పేరు పెట్టుకోరంట మా. దీని ఇంటిపేరు శానా కష్టం, నాకే నోరు తిరగల్యా. రెండోది మాత్రం మన పక్క పెట్టుకునే పేరే. ఎవురో చిన్నబిడ్డదంట."

"ఏం పేరు?"

"అర్చన. ఎవురు మా ఆ పాప?"