మొలతాడు కొస

గుంటూరు మిర్చి యార్డులో నలభై దాటిన హమాలీలందరికీ ఎదుగుదల హార్మోను తక్కువైందని తేల్చాక, రోజూ సూది వేయించుకోవడం పళ్లు తోముకున్నంత మామూలైపోయింది. గురవయ్యకు పొట్ట మీద ఆ సూది వేసేది అతని పెళ్లాం నాగేంద్రమే. వేశాక, పొట్ట కరిగి జారిపోతున్న మొలతాడును బిగించి కొత్త ముడి వేసేది.

"ఆ యేలాడే కొస కోసెయ్యరాదా?" అన్నాడొకసారి గురవయ్య.

"ఉండనీ. సూది మానేసినాక మళ్లీ పొట్టొస్తే తాడు సరిపోవద్దా?"

కండలు రాయిలా తేలాయిగాని ఆ సూదితో ఒంట్లో షుగర్ ఎక్కింది. కంచం నిండా పచ్చడన్నం కలుపుకునే మనిషికి గరిటెడు అన్నమే మిగిలింది.

"ఇన్ని మిర్చి టిక్కీలు మోసి ఆకలితో లెగవటం ఏందే!" అని చిరాకుపడి సూది మానేశాడు. షుగర్ దిగింది. కడుపునిండా తిన్నాడు. కొన్నాళ్లకు కండ జారి పొట్ట వచ్చింది. నాగేంద్రం నవ్వుకుంటూ ఒక ముడి విప్పింది.

ఆ వారమే, కండ కొలిచి హమాలీలను లోపలికి వదిలే యార్డు గేటు అతనికి తెరుచుకోలేదు.

"పక్కకి జరుగన్నా," అన్నారు వెనకవాళ్లు. జరిగాడు.

ఇంటికొచ్చి, చొక్కా ఎత్తి మంచం మీద కూర్చున్నాడు. నాగేంద్రం సూది తీసింది.

మళ్లీ కండ పట్టింది, గేటు తెరుచుకుంది, మొలతాడు జారింది. నాగేంద్రం ముడి బిగించి, పక్కనున్న కత్తెర అందుకుంది.

"ఉండనియ్యవే," అన్నాడు గురవయ్య.

అప్పటికే కొస నేల మీద పడింది.