రెండో గ్లాసు

"ఈస్టరు బల్లకి వీరమ్మగారి ద్రాక్షారసం వద్దండి," అన్నారు పాస్టరు ప్రసన్నకుమార్ గారు, సంఘపెద్ద ఏసురాజుని పక్కకి పిలిచి.

పెనుగొండ దగ్గరి ఆ ఊళ్లో, ఏసురాజుకి ఊహ తెలిసినప్పట్నుంచీ, ప్రభువు బల్ల మీదకి ద్రాక్షారసం వీరమ్మ జాడీలోంచే వస్తోంది. పాస్టరుగారు చెడ్డవారేం కాదు, కొత్తవారు, అంతే. మొన్న స్త్రీల కూటంలో వీరమ్మ టీలో పంచదార బదులు ఉప్పు వేసింది. పాపం, కళ్లకి మసక. అందరూ ఉమ్మేసి నవ్వారు, ఆవిడ తప్ప. ఆ ఉప్పు ఈస్టరు బల్ల దాకా వస్తే ఏం గౌరవమని పాస్టరుగారి భయం.

కాసేపు వాదన జరిగింది. చివరికి పోటీ పెట్టడం దగ్గర తేలింది. ఇష్టమున్నవాళ్లు రసం పెట్టి తెస్తారు. ఎవరిదేదో తెలియకుండా ఒకరు రుచి చూసి పదికి మార్కులు వేస్తారు. గెలిచినవాళ్లదే ఇకపైన జాడీ. ఎవరిని గెలిపించినా మిగతా పేటలు అలుగుతాయి కాబట్టి, రుచి చూసే పని పాస్టరుగారు తెలివిగా ఏసురాజు నెత్తిన పెట్టారు. మద్యనిషేధం నడుస్తున్న రోజులు. జిల్లా మొత్తం మీద తాగడానికి పర్మిట్ ఉన్నది ఏసురాజుకే అని ఊరంతా ఆటపట్టించింది.

వీరమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. "అలాగేనండి అయ్యగారూ" అని వెళ్లి, తణుకు నుంచి నల్లద్రాక్ష తెప్పించుకుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పాస్టరుగారు గిన్నె పైకెత్తినప్పుడు ముందు చాప మీద నడుం నిటారుగా పెట్టి కూర్చుంటుందే, ఆవిడకి ఉన్నదల్లా ఆ కాసేపే. అది కూడా లాగేసుకుంటున్నామే అనుకున్నాడు ఏసురాజు.

దానికి తోడు పోటీలో అతని భార్య సువార్తమ్మ కూడా ఉంది. స్త్రీల సమాజం వాళ్లు పేరిచ్చేశారట, కాదనలేకపోయిందట. పేరైతే ఇచ్చారు సరే, అంత పట్టుదల దేనికో అతనికి అర్థం కాలేదు. జాడీకి గుడ్డ కట్టి మంచం కిందకి తోసేసింది. ఒక్క చెంచా చూపించవే అంటే, పోటీకి పెట్టింది ఇంట్లో మగాడు రుచి చూస్తే నలుగురూ ఏమనుకుంటారండీ అంది. ఆ ముసలావిడ నోటి దగ్గరది లాక్కోవడానికి మనింటి మనిషే దొరికిందా అని అతను రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం చర్చి పక్కగదిలో బల్ల మీద మూడు గ్లాసులు పెట్టారు. తలా ఒక గ్లాసుకి సరిపడా తెమ్మన్నారు. ఏ గ్లాసు ఎవరిదో, వాటిని పోసిన పాస్టరుగారి భార్య పావనికి తప్ప ఎవరికీ తెలియదు. పోటీకొచ్చిన ముగ్గురూ, వీరమ్మ, సువార్తమ్మ, కరుణమ్మ, గుమ్మం బయట చాప మీద కూర్చున్నారు.

మొదటి గ్లాసు బాగుంది. నేరేడుపండు రంగు, కాస్త లవంగం వాసన, మింగాక కూడా నాలుక మీద నిలిచే తీపి. ఎవరిదో పోల్చుకుందామంటే కుదరలేదు. ఊళ్లో ఆడవాళ్లంతా నేర్చుకున్నది వీరమ్మ దగ్గరేనాయె. ఎందుకైనా మంచిదని ఎనిమిది వేశాడు.

రెండోది నోట్లో పోసుకున్నాడు. ఉప్పు. చిటికెడు కాదు, ఆవకాయకి సరిపోయేంత.

కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మం వైపు చూశాడు. వీరమ్మ కళ్లజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకుంటోంది. ఇప్పుడు తను ఈ గ్లాసు కింద పెడితే, మొన్న టీ, ఇవాళ రసం అని తెల్లారేసరికి పెనుగొండ దాకా చెప్పుకుంటారు. ఆవిడ మళ్లీ చర్చి గుమ్మం తొక్కుతుందా?

"ఏదండీ, నన్నూ కాస్త చూడనివ్వండి," అని పాస్టరుగారు చెయ్యి చాపారు.

ఏసురాజు గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. చుక్క మిగల్చలేదు.

"ఆపుకోలేకపోయానండి అయ్యగారూ," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "పదికి పది."

ఈస్టరుకి ఇంకా నెల ఉంది. ఈలోగా వీరమ్మ చెవిన మెల్లగా వేసి, దగ్గరుండి ఇంకో జాడీ పెట్టిస్తే సరిపోతుందనుకున్నాడు. మనసు తేలికైంది. మూడోది కాస్త పులిసింది, దానికి ఆరు వేసి లేచాడు.

పావని గుమ్మంలోకొచ్చి చదివింది. ఆరు కరుణమ్మకి. ఎనిమిది వీరమ్మగారికి. పదికి పది సువార్తమ్మకి.

ఏసురాజుకి గొంతు ఎండిపోయింది. తాగిన ఉప్పుకి అది ఎలాగూ ఎండేదే అనుకోండి.

వీరమ్మ లేచి, తడుముకుంటూ వచ్చి సువార్తమ్మ తల మీద చెయ్యి వేసింది. "నా చేతి కింద నేర్చుకున్నదానివే కదమ్మా. రేపొచ్చి జాడీ పట్టుకెళ్లు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. నడుం అప్పటికీ నిటారుగానే ఉంది.

సువార్తమ్మ వెక్కివెక్కి ఏడుస్తూ మొగుడి దగ్గరికి వచ్చింది.

"జాడీ ఆవిడకే ఉండాలని గుప్పెడు ఉప్పు పోశాను కదండీ, దానికి పదికి పది ఎలా వేశారు?"