చంద్రికల చాటున

జీపు చప్పుడు వినబడగానే లాల్‌సాబ్ చంద్రికలను గోడకు బారుగా నిలబెట్టాడు. పట్టుపురుగులు గూళ్లు కట్టుకునే ఆ వెదురు తడికల వెనక వాళ్లమ్మ హుస్సేన్‌బీ ఉంది.

మధ్యాహ్నం వస్తానన్న తహసీల్దారు పొద్దున్నే దిగబడ్డాడు. ఇక ఆమెను బయటికి చేర్చే వీలు లేదు.

“మొగం కడుక్కో సయీదా. నోట్లోంచి చప్పుడు రాకూడదు,” అన్నాడు పెళ్లాంతో. సయీదా తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పురుగులకు వేసే మల్బరీ ఆకు తరగడానికి కూర్చుంది.

పెనుకొండ గుట్ట కింది ఆ బీడు పశువుల మేతకని సర్కారు వదిలిన నేల. అక్కడ ఎవరూ కాపురం పెట్టకూడదు. పురుగులు పెంచుకోవడానికి షెడ్డు మాత్రం వేసుకోమని లాల్‌సాబ్‌కు అనుమతి ఇచ్చారు. డెబ్బై ఎనిమిదిలో వానలకు ఊళ్లో అద్దె ఇల్లు కూలింది. లాల్‌సాబ్ షెడ్డులో అడ్డగోడ లేపి, అవతల పొగ బయటికే పోయేటట్టు పొయ్యి వేసి, తల్లినీ పెళ్లాన్నీ తెచ్చుకున్నాడు. షెడ్డు కాస్తా ఇల్లయింది. కాపురం ఉన్నట్టు తేలితే మొత్తం కూల్చేస్తామని ఇప్పుడు నోటీసు. పురుగులేమో గూళ్లు కట్టే ముందరి పెద్ద మేత మీద ఉన్నాయి. కూలిస్తే నెత్తిన కప్పూ పోతుంది, నోటికాడి పంటా పోతుంది.

అర్జీ పెట్టింది గొర్రెల నల్లప్ప. “ఈ పొద్దు ఒక ఇల్లు, రేపు ఒక వీధి. నా గొర్రెలు యాడ మెయ్యల్ల?” అన్నాడు. అందులో అన్యాయమేమీ లేదు.

అర్జీని లాల్‌సాబ్ ఎలాగో సర్దుకునేవాడే. ఇల్లని బయటపెట్టింది హుస్సేన్‌బీ నోరు. ఆ నోటికి సరిపడే తాళం హిందూపురం సంతలో కూడా దొరకదని కొడుకే అనేవాడు. విచారణకు వచ్చిన కరణం షెడ్డేనని రాసుకుని వెళ్లబోతుంటే లోపలినుంచి కేకేసింది. “మా ఇంటిదాకా వచ్చి ఊరికే పోతావా నాయనా? కూచో, చాయ్ పెడతా.” పెట్టింది కూడా. కరణం చాయ్ తాగి, పొయ్యి ఉన్నదని రాసుకుని పోయాడు.

ఆమె అంతే. అర్జీ పెట్టిన మర్నాడు నల్లప్ప దప్పికతో వస్తే, చెంబు నిండా నీళ్లిచ్చి, “నా ఇల్లు కూలగొట్టినంక నీకు నీళ్లెవురిస్తారు నాయనా?” అని నవ్వింది. నల్లప్ప తలొంచుకుని తాగాడు. ఆ తర్వాతి రోజూ వచ్చాడు.

నిన్ననే పొయ్యి పగలగొట్టి, పేడతో అలికేశారు. సామాన్లు ఊళ్లో చుట్టాలింట పెట్టారు. అవ్వను ధర్మవరంలో కూతురింటికి పంపుదామంటే ససేమిరా అంది. “నా ఇల్లు ఇడిసి కదల్ను. కావాలంటే నోరు మూసుకోని ఉంటాలే,” అంది. ఆమె నోరు మూసుకుంటుందంటే ఎవరు నమ్ముతారు?

కన్నతల్లిని గోడకూ తడికలకూ నడుమ దాచుకునే బతుకైపోయిందే అనుకున్నాడు లాల్‌సాబ్. అయినా చేతులు కట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

తహసీల్దారు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. వెంట నల్లప్ప. పురుగులు ఆకు మేసే చప్పుడు చినుకులు పడుతున్నట్టు వినిపిస్తోంది.

“ఈమె ఎవరు?”

“నా ఇంటిది సార్. ఆకు వేసేదానికి ఊళ్లోనుంచి వస్తాది.”

“కళ్లు అట్లా ఎర్రబడ్డాయేం?”

“కళ్లకలక సార్.”

సయీదా నోటి మీది కొంగు తీయలేదు. కత్తి కింద ఆకు పొడిపొడి అవుతోంది.

తహసీల్దారు అడ్డగోడ అవతలికి వెళ్లి, తడి ఆరని నేలను కాలి వేలితో నొక్కి చూశాడు. “ఇక్కడ కొత్తగా అలికారే? కరణం రాసిన పొయ్యి ఏదీ?”

“అది చాయ్ కాచుకునేదానికి వేసింది సార్, తీసేసినాము. ఎలక బొక్కలు పూడ్చి అలికినాము.”

“సార్, వాళ్లమ్మను పిలిపించండి,” అన్నాడు నల్లప్ప. “అవ్వ అబద్ధం చెప్పదు. యాడ కాపురముండారో ఆమే చెప్తాది.”

“మీ అమ్మ ఎక్కడయ్యా?”

“ధర్మవరంలో ఉండాది సార్, మా అక్క ఇంట్లో.”

తహసీల్దారు ముక్కు ఎగబీల్చాడు. “ఊదొత్తుల వాసన వస్తోందే.”

“శుక్రవారం కద సార్.”

నల్లప్ప చటుక్కున తలెత్తాడు. పొగ తగిలితే పురుగు చస్తుందని, నల్లప్ప బీడీని కూడా గడప బయటే ఆర్పించే మనిషి లాల్‌సాబ్. నల్లప్ప చూపు చంద్రికల మీదికి పోయింది.

“ఆ తడికల వెనక చూడల్ల సార్.”

“అర్జీ నీదే కదా, నువ్వే చూడు.”

నల్లప్ప తడికల సందులోంచి దూరాడు. లాల్‌సాబ్ కదల్లేదు. అడ్డుపడితే అనుమానం, ఊరుకుంటే కొంప కొల్లేరు. సయీదా చేతిలో కత్తి ఆగిపోయింది. తడికల వెనకనుంచి మాట లేదు, దగ్గు లేదు.

చాలాసేపటికి నల్లప్ప బయటికి వచ్చాడు. తలగుడ్డ తల మీద లేదు, చేతిలో ఉంది.

“ఎవరైనా ఉన్నారా?”

“లేరు సార్.”

“మరి కాపురం ఉంటున్నారని అర్జీ పెట్టావే?”

“నాదే తప్పు సార్. ఇది షెడ్డే.”

తహసీల్దారు అతన్ని బాగా చీవాట్లు పెట్టాడు. “షెడ్డును షెడ్డుగానే ఉంచుకో. తేడా వస్తే పునాదితో సహా లేపేస్తాం,” అని లాల్‌సాబ్‌ను హెచ్చరించి జీపెక్కాడు.

జీపు గుట్ట మలుపు తిరిగి చప్పుడు అణిగింది. అప్పుడు నల్లప్ప వచ్చి లాల్‌సాబ్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇంక సయీదమ్మను ఏడ్సమను లాల్‌సాబూ, అవ్వకు గుంత తవ్వేదానికి నేను పోయి మనుషుల్ని పిల్చుకొస్తా.”